అందులో అసలు తల్లి ఎవరు?

పోయిన వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి డాలస్ వచ్చి మా దగ్గర నాలుగు నెలలు ఉంది. ఆ టైంలోనే మా అమ్మాయి క్లాస్‌మేట్ పుట్టినరోజు వస్తే అమ్మని కూడా తీసుకెళ్ళాం. పార్కులో షెడ్డు కింద పార్టీ, బల్ల నిండా పిజ్జా డబ్బాలు, బయట ఎండ మండిపోతోంది. ఆ పాపకి ఎనిమిదేళ్ళు నిండాయి. కేకు కోసేటప్పుడు పాపకి అటొకరు ఇటొకరు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. పాప ఒకావిడని "మామ్" అంటోంది, రెండో ఆవిడని "మామా" అంటోంది. అమ్మ కాసేపు చూసి, "ఆవిణ్ణి పట్టుకుని మామ అంటదేంటే ఆ పిల్ల?" అని నన్ను అడిగింది. ఆవిడ కూడా అమ్మేనమ్మా, వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు, పాపకి ఇద్దరూ అమ్మలే అని చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. కాగితం ప్లేటులో కేకు ముక్క పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుని, తర్వాత గొంతు తగ్గించి, "అది సరే, అందులో అసలు తల్లి ఎవరే?" అంది.

నేను మాటలు వెతుక్కునేలోపే మా అమ్మాయి "ఇద్దరూ, అమ్మమ్మా" అనేసి ఆటకి పరిగెత్తింది.

అమ్మ అడిగినదాంట్లో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. అదే ప్రశ్న అమెరికాలో జడ్జీలు అడిగారు, ఇటలీలో ప్రాసిక్యూటర్లు అడిగారు, మన సుప్రీంకోర్టులోనూ ఇంకో రూపంలో వచ్చింది. దాని వెనకాలే ఎప్పుడూ ఇంకో ప్రశ్న నడిచి వస్తుంది: ఇలాంటి ఇళ్ళలో పిల్లలు సరిగ్గా పెరుగుతారా? ఈ రెండూ ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలని చాలా రోజులుగా చదువుతున్నాను, తెలిసిన తల్లిదండ్రుల్ని అడుగుతున్నాను.

ముందు పేరు సంగతి. మన పేపర్లలో "స్వలింగ సంపర్కులు" అని రాస్తారు. ఆ మాట వినగానే మన ఆలోచన పడకగది దగ్గరే ఆగిపోతుంది. పొద్దున్నే లంచ్ బాక్స్ కట్టేవాళ్ళ గురించి, లెక్కల హోంవర్క్ దగ్గర కూర్చునేవాళ్ళ గురించి, పిల్లకి జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తూ మేలుకునేవాళ్ళ గురించి మాట్లాడుతూ ఆ మాట వాడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. గే, లెస్బియన్ అనే అంటాను, ఇవి ఇప్పుడు అందరికీ తెలిసిన మాటలే.

ఇక మొదటి చిక్కు, నాకు అర్థమైనంతలో అన్నిటికంటే పెద్దది. గే, లెస్బియన్ తల్లిదండ్రుల పిల్లలు అనగానే అందర్నీ ఒకే గాటన కట్టేస్తాం, కానీ వీళ్ళలో కనీసం రెండు వేరువేరు బాల్యాలున్నాయి. ఒకటి, అమ్మా నాన్నా అందరిలాగే పెళ్ళి చేసుకుని, పిల్లలు పుట్టాక, ఇద్దరిలో ఒకరు తాను గే అనో లెస్బియన్ అనో బయటపెట్టడం, ఇల్లు రెండుగా విడిపోవడం. 1970లు, 80లలో అమెరికా, బ్రిటన్ కోర్టుల్లో కనిపించిన పిల్లలు ఎక్కువగా ఈ ఇళ్ళవాళ్ళే. రెండోది, ఇద్దరు ఆడవాళ్ళో ఇద్దరు మగవాళ్ళో ముందు జంటగా స్థిరపడి, ఆ తర్వాత కోరి కోరి, వీర్యదాత ద్వారానో సరోగసీ ద్వారానో దత్తత ద్వారానో పిల్లల్ని తెచ్చుకోవడం. మొదటి పాప విడాకులు చూసింది, కోర్టు గొడవలు చూసింది, అప్పటిదాకా ఉన్న నాన్న వారానికొకసారి వచ్చే మనిషి కావడం చూసింది. రెండో పాప పుట్టిన రోజు నుంచి ఒకే ఇంట్లో అదే ఇద్దరి చేతుల్లో పెరిగింది. ఈ ఇద్దర్నీ ఒకే కుప్పలో పోసి సగటు తీస్తే ఎవరికి కావాల్సిన జవాబు వాళ్ళకి వస్తుంది, అలాగే జరిగింది కూడా.

అసలు ఈ పరిశోధనలన్నీ ఎందుకు మొదలయ్యాయంటే కోర్టుల వల్ల. విడాకుల కేసుల్లో తల్లి లెస్బియన్ అని తెలిస్తే చాలు, పిల్లల్ని తండ్రికి ఇచ్చేసేవాళ్ళు. ఎంతదాకా వెళ్ళిందంటే, 1995లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక జడ్జి పదకొండేళ్ళ పాపని తల్లి దగ్గర్నుంచి తీసి తండ్రికి అప్పగించాడు. ఆ తండ్రి అంతకుముందు తన మొదటి భార్యని చంపి జైలుకెళ్ళి వచ్చినవాడు. తల్లి లెస్బియన్. పాపకి అలా కాని వాతావరణంలో పెరిగే అవకాశం ఇవ్వాలని జడ్జి ఉద్దేశం. పై కోర్టు కూడా ఆ తీర్పుని మార్చలేదు, కొద్ది కాలానికే ఆ తల్లి గుండెపోటుతో చనిపోయింది. ఈ కేసు గురించి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇలాంటి జడ్జీల ముందు పెట్టడానికి రుజువు కావాల్సి వచ్చింది. లండన్‌లో సూసన్ గోలంబాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో ఒక అధ్యయనం అచ్చువేసింది. ఆమె తెలివైన పని ఒకటి చేసింది. లెస్బియన్ తల్లుల ఇళ్ళు 27 తీసుకుని, వాటిని అమ్మానాన్నా కలిసున్న ఇళ్ళతో పోల్చకుండా, భర్త లేకుండా ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న మామూలు తల్లుల ఇళ్ళు 27తో పోల్చింది. రెండు వైపులా ఇంట్లో తండ్రి లేడు, కాబట్టి ఇంకా ఏమైనా తేడా కనిపిస్తే అది తల్లి లెస్బియన్ కావడం వల్లే అనుకోవచ్చు. పిల్లల మనసులో, ప్రవర్తనలో, స్నేహాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆమె ముందు లండన్‌లో, తర్వాత కేంబ్రిడ్జ్‌లో ఇదే పని కొనసాగించింది. 2014లో వచ్చిన ఆమె బృందం అధ్యయనంలో, పిల్లల్ని దత్తత తీసుకున్న 41 గే తండ్రుల కుటుంబాలున్నాయి. అమ్మానాన్నలున్న దత్తత కుటుంబాలతో పోలిస్తే ఆ తండ్రులు పిల్లలతో ఇంకొంచెం ఎక్కువ ఆప్యాయంగా, ఓపికగా ఉన్నట్టు తేలింది. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. అన్ని అడ్డంకులు దాటి, అన్ని ఇంటర్వ్యూలకి కూర్చుని బిడ్డని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు వాళ్ళు.

అమెరికాలో ఇంకా ఓపికైన పని ఒకటి జరిగింది. నానెట్ గార్ట్రెల్ అనే సైకియాట్రిస్ట్ 1986లో బోస్టన్, వాషింగ్టన్, శాన్‌ఫ్రాన్సిస్కోలలో వీర్యదాత ద్వారా బిడ్డని కనబోతున్న లెస్బియన్ తల్లుల్ని చేర్చుకోవడం మొదలుపెట్టింది. బిడ్డలు కడుపులో ఉన్నప్పుడు మొదలైన ఆ అధ్యయనం వాళ్ళకి పాతికేళ్ళు వచ్చేదాకా నడిచింది. 84 కుటుంబాలతో మొదలై, 2018లో ఫలితాలు వచ్చేనాటికి కూడా 77 మంది పిల్లలు అందులో ఉన్నారు. పాతికేళ్ళ వయసులో వాళ్ళ మానసిక ఆరోగ్యాన్ని అదే వయసు మామూలు జనంతో పోలిస్తే తేడా ఏమీ లేదు. పిల్లలకి పదిహేడేళ్ళు వచ్చేసరికి సగానికి పైగా జంటలు విడిపోయాయని కూడా అదే అధ్యయనం చెప్పింది. వీళ్ళూ మనుషులే, వీళ్ళ ఇళ్ళలోనూ పోట్లాటలున్నాయి, విడిపోవడాలున్నాయి, అది దాచాల్సిన విషయం కాదు. విడిపోయాక ఏమైందనేది ముఖ్యం. కడుపున మోయని తల్లి ఆ బిడ్డని చట్టప్రకారం దత్తత తీసుకుని ఉన్న ఇళ్ళలో, పిల్లల్ని ఇద్దరూ పంచుకుని పెంచడం ఎక్కువగా కనిపించింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఈ అధ్యయనానికి ఒక లోపం ఉంది, చెప్పకపోతే తప్పు. చేరినవాళ్ళంతా తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళు, ఎక్కువమంది తెల్లవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. బాగున్నవాళ్ళే వచ్చి చేరారేమో అని ఎవరైనా అంటే ఆ అనుమానం న్యాయమైనదే. ఆ అనుమానానికి జవాబు నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. 2001 ఏప్రిల్ 1న ప్రపంచంలో అందరికంటే ముందు ఇలాంటి పెళ్ళిళ్ళని చట్టబద్ధం చేసిన దేశం అది, పైగా అక్కడ ప్రభుత్వం దగ్గర ప్రతి ఒక్కరి రికార్డూ ఉంటుంది. అందుకని ఎవర్నీ వచ్చి చేరమని అడక్కుండా, దేశంలోని పిల్లలందరి రికార్డులూ తీసి, పుట్టినప్పటి నుంచి ఇద్దరమ్మలో ఇద్దరు నాన్నలో పెంచిన 2,971 మంది పిల్లల చదువుని, పది లక్షలకి పైగా మిగతా పిల్లల చదువుతో పోల్చారు. 2020లో ఫలితం వచ్చింది. ఈ పిల్లలు వెనకబడలేదు సరికదా, కొంచెం ముందున్నారు. అంతమాత్రాన ఇద్దరమ్మలుంటే ర్యాంకులొస్తాయని కాదు. ఇలా పిల్లల్ని తెచ్చుకోవడానికి బోలెడు డబ్బూ ఓపికా కావాలి, అవి ఉన్నవాళ్ళే తెచ్చుకుంటారు, డబ్బూ చదువూ ఉన్న ఇంటి పిల్లలు ఎక్కడైనా ముందే ఉంటారు. పరిశోధకులు కూడా దీన్ని పెద్ద కారణంగానే చూపించారు.

ఇప్పుడు రెండో వైపు. 2012లో టెక్సాస్ యూనివర్సిటీలో మార్క్ రెగ్నెరస్ అనే సోషియాలజిస్ట్ సుమారు 3 వేల మంది యువతీయువకుల్ని సర్వే చేసి, గే, లెస్బియన్ తల్లిదండ్రుల పిల్లలకి ఉద్యోగం, మనసు, సంబంధాలు అన్నిట్లోనూ కష్టాలు ఎక్కువని రాశాడు. ఇప్పటికీ వాట్సాప్‌లో తిరిగేది ఈ అధ్యయనమే. ఇక్కడే మొదటి చిక్కు మళ్ళీ వస్తుంది. ఆయన అడిగింది, మీ అమ్మకో నాన్నకో ఎప్పుడైనా అదే జెండర్ మనిషితో సంబంధం ఉండిందా అని. అవునన్నవాళ్ళందర్నీ ఒక గుంపు చేశాడు. వాళ్ళలో ఎక్కువమంది అమ్మానాన్నా విడిపోయిన ఇళ్ళవాళ్ళు, పాపం కొందరు ఫోస్టర్ కేర్‌లో, అంటే ప్రభుత్వం తాత్కాలికంగా ఉంచిన వేరే ఇళ్ళలో పెరిగినవాళ్ళు. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా తల్లీ ఆమె భాగస్వామీ కలిసి పెంచినవాళ్ళు మొత్తం సర్వేలో ఇద్దరే ఇద్దరు. ఈ గుంపుని ఎన్నడూ విడిపోని అమ్మానాన్నల పిల్లలతో పోల్చాడు. ఆయన కొలిచింది ఇల్లు విరిగిన బాధని, పేరు మాత్రం ఇంకోటి పెట్టాడు.

ఆ అధ్యయనం 2014లో మిషిగన్‌లో కోర్టుకెక్కింది. ఆ కేసు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన దేశం కథ దాదాపు అదే. ఇద్దరు నర్సులు, ఇద్దరూ ఆడవాళ్ళు, జంట. ఎవరూ తీసుకోని పిల్లల్ని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని తెచ్చి పెంచుతున్నారు. మిషిగన్ చట్టంలో పెళ్ళైన జంటే కలిసి దత్తత తీసుకోవాలి, లేదంటే ఒంటరి మనిషి తీసుకోవచ్చు. వీళ్ళకి పెళ్ళి చేసుకునే హక్కు లేదు. అందుకని పిల్లల్ని పంచుకుని, కొందర్ని ఒకావిడ పేరు మీద, కొందర్ని ఇంకొకావిడ పేరు మీద దత్తత తీసుకున్నారు. ఒకే ఇంట్లో, ఒకే అన్నం తినే పిల్లలు కాగితం మీద ఒకరికొకరు ఏమీ కారు. ఒకావిడకి ఏమైనా అయితే ఆవిడ పేరు మీదున్న పిల్లలు రెండో అమ్మ దగ్గర ఉంటారన్న గ్యారంటీ లేదు. వాళ్ళు కోర్టుకి వెళ్ళింది కలిసి దత్తత తీసుకుంటాం అని అడగడానికే, పెళ్ళి గురించి కాదు. అసలు అడ్డం పెళ్ళి నిషేధమే కదా, దాన్ని సవాలు చేయండి అని సూచించింది జడ్జి. రాష్ట్రం తరఫున రెగ్నెరస్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. దాన్ని ఏమాత్రం నమ్మలేమని, పరిగణించే విలువ లేదని జడ్జి తీర్పులో రాశాడు. ఆ కేసే మిగతా రాష్ట్రాల కేసులతో కలిసి 2015 జూన్ 26న అమెరికా అంతటా పెళ్ళి హక్కు ఇచ్చిన తీర్పు దాకా వెళ్ళింది.

తండ్రి లేకపోతే మగపిల్లలు ఎలా పెరుగుతారు అని మా చుట్టాల్లో ఒకరు అడిగారు. నాకు వెంటనే గుర్తొచ్చింది జగిత్యాల, నిజామాబాద్ వైపు, కోనసీమ వైపు గల్ఫ్ వెళ్ళిన తండ్రుల ఇళ్ళు. తండ్రి రెండేళ్ళకోసారి నెల రోజులు వస్తాడు, మిగతా కాలమంతా పిల్లాణ్ణి పెంచేది అమ్మా నానమ్మా, ఇద్దరు ఆడవాళ్ళు. ఆ పిల్లలకి నాన్న మీద బెంగ ఉంటుంది, అది నిజం, ఎందుకంటే వాళ్ళకి నాన్న ఉన్నాడు, దూరంగా ఉన్నాడు. కానీ ఇద్దరు ఆడవాళ్ళు పెంచారు కాబట్టి వాడు మగాడిగా ఎదగలేదని ఆ ఊళ్ళలో ఎవరూ అనరు. మేనమామ ఉంటాడు, తాత ఉంటాడు, బడిలో పీఈటీ సార్ ఉంటాడు. ఆ పుట్టినరోజు పాపకి కూడా మామ్ అన్నయ్య ప్రతి ఆదివారం వచ్చి సైకిల్ నేర్పిస్తాడు.

అలాంటి ఇళ్ళలో పిల్లలు కూడా గే అవుతారా అన్నది ఇంకో ప్రశ్న. ఎక్కువమంది కారు, పాతికేళ్ళ అమెరికా అధ్యయనంలోనూ ఎక్కువమంది మామూలుగా ఆడా మగా ఆకర్షణలున్నవాళ్ళే. అయితే తమలో వేరే ఆకర్షణ ఏదైనా ఉంటే దాన్ని ఒప్పుకోవడానికి, చెప్పడానికి వాళ్ళు భయపడటం తక్కువ. ఒకవేళ అయినా, అది జబ్బేమీ కాదని భారత సైకియాట్రిక్ సొసైటీయే 2018లో చెప్పింది. ఆ ప్రశ్న మీద ఇంతకంటే సమయం పెట్టక్కర్లేదని నా అభిప్రాయం.

సమయం పెట్టాల్సింది ఇంకోచోట. ఆ పిల్లలకి కష్టాలు లేవని కాదు, ఉన్నాయి, అయితే అవి ఇంటి గడప బయట నుంచి వస్తాయి. అదే పాతికేళ్ళ అధ్యయనంలో, పదిహేడేళ్ళు వచ్చేసరికి పది మందిలో నలుగురు, మా అమ్మలిద్దరూ ఆడవాళ్ళని మమ్మల్ని ఏడిపించారు, చిన్నచూపు చూశారు అని చెప్పారు. 2008లో అమెరికా పిల్లల్నీ నెదర్లాండ్స్ పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ఇంటి రకం ఒకటే, ఇద్దరమ్మల ఇల్లే. నెదర్లాండ్స్ పిల్లలు తమ ఇంటి గురించి క్లాసులో దాపరికం లేకుండా చెప్పుకోగలుగుతున్నారు, వాళ్ళని ఏడిపించడం తక్కువ, వాళ్ళ టెన్షన్లూ తక్కువ. 2014లో మెల్‌బోర్న్ పరిశోధకులు 500 మంది పిల్లల్ని చూసినప్పుడూ ఇదే. ఆరోగ్యంలో బాగానే ఉన్నారు, కానీ ఎక్కడ అవమానాలు ఎక్కువో అక్కడ పిల్లల మనసు దెబ్బతింది.

ఇంకో బరువుంది, అది నాకు ఈ మధ్యే అర్థమైంది. 2011లో అయోవా రాష్ట్రం శాసనసభలో పెళ్ళి హక్కు మీద చర్చ జరుగుతుంటే జాక్ వాల్స్ అనే పంతొమ్మిదేళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థి లేచి మాట్లాడాడు. నన్ను ఇద్దరు అమ్మలు పెంచారు, మా ఇల్లు మీ ఇళ్ళ లాంటిదే, వాళ్ళు ఎవర్ని ప్రేమించారన్నదానికీ నా వ్యక్తిత్వానికీ సంబంధం లేదు అన్నాడు. ఆ వీడియో లక్షలమంది చూశారు, తర్వాత అతను అదే రాష్ట్రంలో సెనేటర్ అయ్యాడు. నాకూ చూస్తే కళ్ళు చెమర్చాయి. కానీ ఆలోచించండి, మనలో ఎవరినైనా పంతొమ్మిదేళ్ళకి సభలో నిలబెట్టి మీ అమ్మానాన్నా మంచి తల్లిదండ్రులే అని నిరూపించమన్నారా? ఈ పిల్లలు చిన్నప్పటి నుంచీ రుజువుగా బతకాలి. మార్కులు తగ్గితే, కోపం వస్తే, పదిహేనేళ్ళప్పుడు అమ్మతో పోట్లాడి తలుపు ధడాల్న వేసుకుంటే, అదంతా ఇంటి మీదకి వస్తుందేమో అని భయం. పుట్టుక వెనకున్న దాత ఎవరో తెలుసుకోవాలని కొందరికి ఉంటుంది, అది అడిగితే అమ్మలు బాధపడతారేమో అని లోపలే దాచుకుంటారు. 2015 కేసులో ఇలాంటి ఇళ్ళలో పెరిగిన కొందరు తండ్రి లేని లోటు మాకు ఉండిందంటూ పెళ్ళి హక్కుకి వ్యతిరేకంగానే కోర్టుకి రాశారు. వాళ్ళతో నేను ఏకీభవించను, కానీ వాళ్ళ బాధ అబద్ధమని కూడా అనను. అమ్మానాన్నల పిల్లలకి ఇంటి మీద ఫిర్యాదు చేసే హక్కు ఎంతుందో వీళ్ళకీ అంతే ఉండాలి.

ఇప్పుడు అసలు తల్లి ఎవరు అన్నదాని దగ్గరికి వస్తాను. ఆ పాప బర్త్ సర్టిఫికెట్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అయినా పాపకి ఏడాది నిండకముందే, "మామా" తన బిడ్డని తనే దత్తత తీసుకోవడానికి కోర్టుకి వెళ్ళింది. వేలిముద్రలు ఇచ్చింది, నేర చరిత్ర లేదని కాగితం తెచ్చింది, ఇల్లు చూడ్డానికి సోషల్ వర్కర్ వచ్చి బీరువాలు, మందుల డబ్బా, పాప పడుకునే గది అన్నీ చూసి వెళ్ళింది. ఇది నాకు చెప్తున్నప్పుడు ఆవిడ కాఫీ కప్పు పట్టుకున్న చెయ్యి వణికింది. "బొడ్డుతాడు కోసింది నేను, నేను మంచి అమ్మని అవునో కాదో చెప్పడానికి ఒకామె నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది" అంది.

ఎందుకంత అంటే, పెళ్ళిలో పుట్టింది కాబట్టి ఆఫీసులో రాసుకున్న పేరు వేరు, కోర్టు ఇచ్చిన తీర్పు వేరు. అమెరికాలో ఒక రాష్ట్రం కోర్టు తీర్పుని ఇంకో రాష్ట్రం కాదనడానికి వీల్లేదని రాజ్యాంగంలో ఉంది, సర్టిఫికెట్ మీది పేరుకి ఆ బలం అంత గట్టిగా లేదు. దీనికి మంచి ఉదాహరణ అలబామా కేసు. ఇద్దరు తల్లులు, ముగ్గురు పిల్లలు, కనని తల్లి 2007లో జార్జియా కోర్టులో ఆ ముగ్గుర్నీ దత్తత తీసుకుంది. తర్వాత విడిపోయారు. అలబామా సుప్రీంకోర్టు 2015లో ఆ దత్తత చెల్లదని, ఆవిడ ఆ పిల్లలకి తల్లి కాదని చెప్పేసింది. 2016 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. చేతిలో దత్తత ఉత్తర్వు ఉండబట్టే ఆవిడ తన పిల్లలకి తల్లిగా నిలబడగలిగింది. అందుకే లాయర్లు ఇప్పటికీ ఇద్దరమ్మల ఇళ్ళకి దత్తత తీసుకోండి అనే చెప్తారు.

ఇటలీలో 2023లో పాడువా అనే ఊళ్ళో ప్రాసిక్యూటర్ 33 మంది పిల్లల బర్త్ సర్టిఫికెట్ల మీద నుంచి కనని తల్లి పేరు తీసేయమని కోర్టుకెళ్ళింది. పేరు తీసేస్తే ఆ అమ్మ బడి నుంచి పాపని తీసుకురావాలన్నా, ఆస్పత్రిలో సంతకం పెట్టాలన్నా కన్నతల్లి రాసిచ్చిన ఉత్తరం కావాలి. 2025 మేలో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం పిల్లల పక్షాన నిలబడి, ఇద్దరూ కలిసి ఒప్పుకుని విదేశంలో చట్టబద్ధంగా చికిత్స చేయించుకుని కన్నప్పుడు రెండో తల్లి పేరు కూడా ఉండాలని చెప్పింది.

ఈ కథలన్నీ సాయంత్రం పూట అమ్మకి చెప్తూ ఉండేదాన్ని. ఇండియా తిరిగి వెళ్ళే ముందు వారం మా పిన్నితో ఫోన్లో మాట్లాడుతూ, "దేవకీ యశోదా ఒకే ఇంట్లో కాపురం ఉన్నారనుకో, అట్టా ఉంటది వాళ్ళ ఇల్లు" అంటుంటే విన్నాను.

మన దేశంలో ఆ ఇంటికి కాగితం లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ పరిధి తగ్గించి, పెద్దవాళ్ళు ఇష్టపడి పెట్టుకునే ఇలాంటి సంబంధం నేరం కాదంది. తర్వాత పెళ్ళి హక్కు అడిగిన కేసు మన హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ పేరు మీదే నడిచింది. 2023 అక్టోబర్ 17న అయిదుగురు జడ్జీలూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు, దత్తత దగ్గర మాత్రం ఇద్దరూ ముగ్గురుగా చీలిపోయారు. జంటగా దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్ళ వైవాహిక జీవితం ఉండాలన్న కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నిబంధన వివక్షే అని, పెళ్ళైన ఆడా మగా జంటే పిల్లలకి స్థిరత్వం ఇస్తుందనడానికి ఆధారం ఏదీ చూపలేదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. మిగతా ముగ్గురు ఒప్పుకోలేదు, నిబంధన నిలిచింది. జాతీయ బాలల హక్కుల కమిషన్ ఇలాంటి దత్తతని వ్యతిరేకిస్తే, ఢిల్లీ బాలల హక్కుల కమిషన్ సమర్థిస్తూ అదే కేసులో చేరింది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు.

అయితే మన దగ్గర ఈ పిల్లలు లేరా అంటే ఉన్నారు. అన్నిటికంటే ఎక్కువ ఉండేది నేను మొదట చెప్పిన మొదటి రకం ఇళ్ళలోనే, ఇంకా విడిపోని ఇళ్ళలో. సంబంధాలు చూసి, అమ్మ ఏడ్చి, నాన్నకి బీపీ పెరిగి, ముహూర్తం పెట్టేస్తే తాళి కట్టిన గే కొడుకులు, కట్టించుకున్న లెస్బియన్ కూతుళ్ళు ఎంతమంది ఉంటారో మన పెళ్ళి ఒత్తిడి తెలిసిన ఎవరైనా ఊహించుకోవచ్చు. ఆ ఇంట్లో పిల్లలకి ఏ లోటూ కనిపించదు, అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, సంక్రాంతికి కొత్త బట్టలున్నాయి. అమ్మానాన్నల మధ్య ఎందుకు మాటలుండవో మాత్రం ఆ పిల్లలకి ఎప్పటికీ తెలీదు, తమ వల్లే అనుకుని పెరుగుతారు. పిల్లల క్షేమం గురించి నిజంగా బెంగ ఉన్నవాళ్ళు ముందు చూడాల్సింది ఈ ఇళ్ళనే.

ఇక ఇద్దరు ఆడవాళ్ళు కలిసి పెంచాలనుకుంటే ఉన్న దారులు ఇవి. ఒంటరి మహిళగా ఒకరు దత్తతకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆడపిల్లనైనా మగపిల్లాణ్ణైనా తీసుకోవచ్చు. కృత్రిమ గర్భధారణ పద్ధతుల మీద వచ్చిన 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఒంటరి మహిళ దాత వీర్యంతో ఐవీఎఫ్ కూడా చేయించుకోవచ్చు. ఇద్దరు మగవాళ్ళకి దారి ఇంకా ఇరుకు. ఒంటరి మగవాడికి ఆడపిల్లని దత్తత ఇవ్వరు, సరోగసీ చట్టంలో అతనికి చోటే లేదు. పైగా లివ్-ఇన్ సంబంధంలో ఉన్నవాళ్ళు ఒంటరిగా పెట్టుకున్న దరఖాస్తుల్ని తీసుకోవద్దని 2022 జూన్‌లో కారా ఒక సర్క్యులర్ ఇచ్చింది. అంటే ఇల్లు చూడ్డానికి సోషల్ వర్కర్ వచ్చే రోజు, డాలస్‌లో "మామా" పక్కనే కూర్చుని జవాబులు చెప్పింది, హైదరాబాద్‌లో అయితే ఆ రెండో అమ్మ తన బట్టలు, టూత్‌బ్రష్, గోడ మీది ఫొటోలు సర్దుకుని ఆ పూటకి ఇంకెక్కడికైనా వెళ్ళాలి, లేదా అద్దె పంచుకునే ఫ్రెండ్‌ని అని చెప్పాలి.

బిడ్డ ఇంటికి వచ్చాక బడి ఫారంలో అమ్మ పేరు ఒకటే రాస్తారు. తండ్రి పేరు లేకపోయినా ఇప్పుడు నడుస్తుంది, పెళ్ళి కాని తల్లి ఒక్కతే గార్డియన్ కావచ్చని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది, పాస్‌పోర్ట్‌కి కూడా ఒక్కరి పేరు చాలని 2016 చివర్లో రూల్ మార్చారు. రెండో అమ్మకి మాత్రం ఏ గడీ లేదు. చట్టం ముందు అమ్మగా ఉన్నావిడ ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఇది తెలియదు. ఆవిడకి ఏదైనా అయితే రెండో అమ్మ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టుకి వెళ్ళి, ఈ బిడ్డని నాకివ్వండి అని అడగాలి, అటువైపు బంధువులు కూడా అడుగుతారు. అందుకే ఇలాంటి ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈ వారమే ఒక లాయర్‌ని కలిసి వీలునామా రాయించండి, అందులో గార్డియన్‌గా ఎవరుండాలో పేరు పెట్టండి. ఇన్సూరెన్స్‌లో, బ్యాంకులో నామినీ మార్చండి, బడిలో పాపని తీసుకెళ్ళడానికి రెండో పేరు రాసివ్వండి. రెండో అమ్మ కూడా విడిగా ఒక వీలునామా రాయాలి, ఎందుకంటే అది లేకపోతే ఆవిడ పోయిన రోజు ఆవిడ సంపాదించింది ఏదీ ఆ పాపకి రాదు, ఎప్పుడూ ఇంటికి రాని పుట్టింటివాళ్ళకి వెళ్తుంది.